కూలింగ్ టవర్ ఫ్యాన్: థర్మోస్టాట్ చాలా, టూ-స్పీడ్ మోటారా, వీఎఫ్‌డీయా?

ప్లాంటులో వేడెక్కిన నీళ్లని గాలితో చల్లబరిచే కూలింగ్ టవర్‌లో ఫ్యాన్ వేగం 20 శాతం తగ్గిస్తే అది లాగే పవర్ దాదాపు సగానికి పడిపోతుంది. మోటారు వేగాన్ని కావాల్సినట్టు మార్చే వీఎఫ్‌డీ (వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్, క్లుప్తంగా డ్రైవ్) అమ్మడానికి వచ్చినవాళ్లు మొదట చెప్పే మాట ఇదే, ఇది నిజం కూడా. వేగం ఎంత తగ్గితే గాలి అంతే తగ్గుతుంది, పవర్ మాత్రం వేగం ఘనం లెక్కన తగ్గుతుంది. 80 శాతం వేగంలో 51 శాతం పవర్, 70లో 34, 60లో 22, సగం వేగంలో పన్నెండున్నర. కానీ బిల్లు తగ్గాలంటే ఆ తక్కువ వేగంలో ఫ్యాన్ తిరిగే గంటలు ఉండాలి కదా. మీ టవర్‌కి పూర్తి గాలి అక్కర్లేని గంటలు ఏడాదిలో ఎన్ని? ఆ గంటల్లో మీ ఫ్యాన్ ఇప్పుడు ఏం చేస్తోంది? ఈ రెండూ తెలియకుండా ఏది కొన్నా గుడ్డిగా కొన్నట్టే.

ముందు వెట్ బల్బ్ సంగతి

టవర్‌కి ఎండ ఎంత కాస్తోందో అనవసరం, దానికి కావాల్సింది వెట్ బల్బ్ ఉష్ణోగ్రత, అంటే తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపేది. టవర్ నీళ్లు అంతకంటే చల్లబడవు. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో 40 డిగ్రీలు, తేమ 25 శాతం ఉంటే వెట్ బల్బ్ దాదాపు 24 దగ్గరే ఉంటుంది. జులైలో 30 డిగ్రీలే ఉన్నా తేమ 70 శాతం అయితే అది 25 దాటుతుంది. అంటే జీడిమెట్లలోనో పాశమైలారంలోనో ఉన్న టవర్‌కి వేసవి కంటే వానాకాలమే కష్టకాలం. డిసెంబర్ రాత్రి 16 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్నప్పుడు వెట్ బల్బ్ 13 దాకా దిగుతుంది. అలాంటి రాత్రులు ఫ్యాన్ సగం వేగంతో తిరిగినా సరిపోతుంది, కొన్నిసార్లు ఆపేసినా నష్టం లేదు.

తీరం లెక్క వేరు. విశాఖ దగ్గర పరవాడలో 34 డిగ్రీలు, 70 శాతం తేమ అంటే వెట్ బల్బ్ 29. అక్కడ నెలల తరబడి ఫ్యాన్ పూర్తి వేగంతోనే తిరగాల్సి వస్తుంది. ఒకే సైజు టవర్, ఒకే వీఎఫ్‌డీ పెట్టినా హైదరాబాద్‌లో వచ్చినంత ఆదా విశాఖలో రాదు. వేరే ఊరి ప్లాంటు ఆదా రిపోర్టు చూసి మీ ఊళ్లో ఆర్డర్ పెట్టకండి.

ప్రాసెస్ లోడ్ మారే ప్లాంటు అయితే ఈ గంటలు ఇంకా పెరుగుతాయి. బ్యాచ్ పద్ధతిలో నడిచే బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లో రియాక్టర్లు అన్నీ ఒకేసారి వేడెక్కవు. రోజులో సగం సేపు టవర్ మీద సగం లోడ్ కూడా ఉండదు. వీఎఫ్‌డీకి ఇంతకంటే అనువైన చోటు లేదు.

ఒక ఫ్యాన్, మూడు పద్ధతులు

పూర్తి వేగంలో 20 కిలోవాట్లు లాగే ఫ్యాన్ ఏడాదికి 8,000 గంటలు నడుస్తుందని అనుకుందాం. అందులో 2,000 గంటలు పూర్తి గాలి కావాలి, 3,000 గంటలు 80 శాతం గాలి చాలు, మిగతా 3,000 గంటలు 60 శాతం చాలు.

కంట్రోల్ ఏదీ లేకుండా అలా తిప్పేస్తే 1,60,000 యూనిట్లు. నీళ్ల వేడిని బట్టి ఫ్యాన్‌ని ఆన్-ఆఫ్ చేసే థర్మోస్టాట్ పెడితే, 60 శాతం గాలి కావాల్సిన గంటలో 36 నిమిషాలు నడుస్తుంది, 24 నిమిషాలు ఆగుతుంది. ఏడాదికి 1,24,000 యూనిట్లు. పూర్తి వేగం (నాలుగు పోల్), సగం వేగం (ఎనిమిది పోల్) మధ్య మారే టూ-స్పీడ్ మోటారు అయితే 60 శాతం గాలి కావాలంటే ఐదో వంతు సేపు పూర్తి వేగం, మిగతా సేపు సగం వేగం. మొత్తం 97,000 దగ్గర ఆగుతుంది. వీఎఫ్‌డీతో, డ్రైవ్ సొంత నష్టం 4 శాతం కలుపుకున్నా, 87,000.

ఈ నాలుగు అంకెలు పక్కపక్కన పెట్టుకోండి. ఏ కంట్రోలూ లేని ఫ్యాన్‌కి వీఎఫ్‌డీ పెడితే 73,000 యూనిట్లు మిగులుతాయి, యూనిట్ 7 రూపాయలు అనుకుంటే ఐదు లక్షల పైమాట. ఇప్పటికే థర్మోస్టాట్ సరిగ్గా పనిచేస్తుంటే మిగిలేది 37,000. ఇప్పటికే టూ-స్పీడ్ ఉంటే 10,000 మాత్రమే, అంటే డెబ్బై వేల రూపాయలు. ప్రతిపాదన పత్రాల్లో ఎప్పుడూ మొదటి లెక్కే ఉంటుంది. మీ టవర్‌కి వర్తించేది మూడోది కావచ్చు.

ఇది సులువు చేసి చెప్పిన లెక్క. టూ-స్పీడ్ మోటారు తక్కువ వేగంలో ఎఫిషియెన్సీ కోల్పోతుంది కాబట్టి ఆ 97,000 కాస్త పెరుగుతుంది. ఫ్యాన్ ఆగినా నీళ్లు పడుతున్నంతసేపూ టవర్ కొంత వేడి వదులుతుంది కాబట్టి ఆన్-ఆఫ్ లెక్క కాస్త తగ్గుతుంది. అయినా వరస మారదు.

సెల్స్ ఎక్కువ ఉంటే

నాలుగు సెల్స్ (ఒక్కోదానికి ఒక ఫ్యాన్ ఉండే విడి గదులు) ఉన్న టవర్‌లో 75 శాతం గాలి చాలినప్పుడు ఆపరేటర్ సాధారణంగా చేసేది ఒక ఫ్యాన్ ఆపేయడం. మూడు ఫ్యాన్లు పూర్తి వేగం, ఒక్కోటి వంద అనుకుంటే మొత్తం 300. అదే నాలుగు ఫ్యాన్లనీ 75 శాతం వేగంతో తిప్పితే ఒక్కోటి 42, మొత్తం 169. గాలి అంతే, కరెంటు దాదాపు సగం. రెండు సెల్స్ టవర్‌లో ఒక ఫ్యాన్ పూర్తిగా తిప్పడం బదులు రెండూ సగం వేగంతో తిప్పితే నాలుగో వంతు పవర్‌కే అంత గాలీ వస్తుంది.

అందుకే "ముందు ఒక ఫ్యాన్‌కి డ్రైవ్ పెట్టి చూద్దాం, బాగుంటే మిగతావాటికి పెడదాం" అనే పద్ధతి కూలింగ్ టవర్ దగ్గర పనికిరాదు. మూడు ఫ్యాన్లు వందలో ఉండి నాలుగోది ఒక్కటే వేగం మారుస్తుంటే, మూడున్నర ఫ్యాన్ల గాలికి 312 లాగుతుంది. నాలుగూ కలిసి 87.5 శాతంలో తిరిగితే 268. ట్రయల్‌లో ఆదా సరిగ్గా కనపడదు, మంచి ప్రాజెక్టు అక్కడే ఆగిపోతుంది. అన్నిటికీ పెట్టండి, అన్నిటికీ ఒకే స్పీడ్ సిగ్నల్ ఇవ్వండి.

ఫ్యాన్లు ఎలా ఉంటే నీళ్లూ అలాగే ఉండాలి. అన్ని సెల్స్‌లో ఫ్యాన్లు తిప్పుతూ నీళ్లు మూడింట్లోనే వదిలితే నాలుగోది ఊరికే గాలి లాగుతుంది. అయితే నీళ్లు మరీ పలచబడితే నాజిల్స్ నీళ్లని సరిగ్గా చిమ్మవు, ఫిల్స్‌లో (నీళ్లు పలచగా పారే పొరల్లో) పొడి మచ్చలు ఏర్పడి స్కేల్ (గట్టి ఉప్పు పొర) పట్టుకుంటుంది. నాజిల్‌కి కనీస ఫ్లో ఎంతో తయారీదారు డేటా షీట్లో ఉంటుంది, అంతకంటే కిందకి పోనివ్వకండి.

చల్లటి నీళ్లు ఎక్కడికి వెళ్తున్నాయి?

ఎంపికలో ఎక్కువమంది వదిలేసే ప్రశ్న ఇది. నీళ్లు రియాక్టర్ జాకెట్‌కో, మోల్డింగ్ మెషీన్ హైడ్రాలిక్ ఆయిల్ కూలర్‌కో వెళ్తుంటే, ప్రాసెస్‌కి 32 డిగ్రీలు చాలంటే 27 డిగ్రీల నీళ్లు ఇచ్చి ప్రయోజనం లేదు. ఫ్యాన్ వేగం ధైర్యంగా తగ్గించవచ్చు.

చిల్లర్ (శీతలీకరణ యంత్రం) తన వేడిని వదిలే కండెన్సర్‌కి వెళ్తుంటే మాత్రం ఆగి లెక్క చూసుకోవాలి. కండెన్సర్ నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కితే చిల్లర్ 2 నుంచి 3 శాతం ఎక్కువ పవర్ తీసుకుంటుంది. 300 టన్నుల కూలింగ్ సామర్థ్యం ఉన్న స్క్రూ చిల్లర్ దాదాపు 195 కిలోవాట్లు లాగుతోందనుకుంటే ఒక డిగ్రీకి 4 నుంచి 6 కిలోవాట్లు. దాని టవర్ ఫ్యాన్ 11 కిలోవాట్లది. ఫ్యాన్‌ని 80 శాతానికి దించితే మిగిలేది ఐదు కిలోవాట్ల పైచిలుకు. పూర్తి లోడ్‌లో ఆ పనికి నీళ్లు ఒక డిగ్రీ పెరిగిపోతాయి. ఫ్యాన్ మీటర్లో మిగిలింది చిల్లర్ మీటర్లో పోయింది. చిల్లర్ పూర్తి లోడ్ మీద ఉన్నంతసేపు ఫ్యాన్‌ని ముట్టుకోకండి. చిల్లర్ సగం లోడ్‌కి దిగినప్పుడు, వెట్ బల్బ్ పడిపోయినప్పుడు తగ్గించండి. నీళ్లు మరీ చల్లబడినా చిల్లర్‌లో ఆయిల్ తిరిగి రాక ట్రిప్ అవుతుంది కాబట్టి కనీస కండెన్సర్ ఉష్ణోగ్రత చిల్లర్ తయారీదారు చెప్పిందే పెట్టాలి.

పవర్ ప్లాంటులో స్టీమ్ కండెన్సర్‌కి వెళ్లే నీళ్లకీ ఇదే జాగ్రత్త. నీళ్లు చల్లగా ఉంటే వాక్యూమ్ బాగుంటుంది, టర్బైన్ ఎక్కువ ఇస్తుంది. అక్కడ ఫ్యాన్ దగ్గర మిగిల్చే యూనిట్ కంటే టర్బైన్ దగ్గర పోగొట్టే యూనిట్లు ఎక్కువ కావచ్చు.

వీఎఫ్‌డీ కంటే చవకైన దారులు

టవర్ అవసరానికి మించి పెద్దదై, ఏడాది పొడుగునా ఒకే లోడ్ ఉంటే వేగం మార్చే పరికరం అక్కర్లేదు, ఒక్కసారి తగ్గిస్తే చాలు. బెల్టు మీద నడిచే టవర్‌లో మోటారు పుల్లీ 150 మి.మీ. ఉంటే 135 మి.మీ. పెట్టండి. వేగం 10 శాతం తగ్గుతుంది, పవర్ 27 శాతం తగ్గుతుంది. ఖర్చు ఒక పుల్లీ, కొత్త పొడవు బెల్టులు, అర పూట పని. గేర్ బాక్స్ ఉన్నదైతే బ్లేడ్ల కోణం తగ్గించుకోవచ్చు. ఫ్యాన్ లాక్ చేసి, ఐసొలేటర్ స్విచ్‌తో కరెంటు పూర్తిగా తెంపి, ప్రతి బ్లేడునీ ఒకే కోణానికి డిజిటల్ ప్రొట్రాక్టర్‌తో సరిచేయాలి. బ్లేడుకీ బ్లేడుకీ అర డిగ్రీ తేడా మిగిలినా వైబ్రేషన్ మొదలవుతుంది.

పాత అల్యూమినియం బ్లేడ్లు తీసి మంచి ఏరోఫాయిల్ ఆకారం ఉన్న ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ కలిపిన ప్లాస్టిక్) బ్లేడ్లు వేయడం వేరే పని. ఇది అన్ని గంటలూ ఆదా ఇస్తుంది, విశాఖ తీరంలో ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంలో ఉండే టవర్‌కి వీఎఫ్‌డీ కంటే ఇదే మంచి పెట్టుబడి. రెండూ పెడితే ఆదాలు కలపకండి. బ్లేడ్ల వల్ల 20 కిలోవాట్లు 16 అయ్యాక డ్రైవ్ మిగిల్చేది ఆ 16లోంచే.

థర్మోస్టాట్ ఆన్-ఆఫ్ చిన్న టవర్లకి, 5 కిలోవాట్ల లోపు ఫ్యాన్లకి చాలు. గంటకి నాలుగైదు స్టార్ట్‌లు మించితే మోటారు వైండింగ్ వేడెక్కుతుంది, బెల్టులు జారి అరిగిపోతాయి. అందుకని ఆన్‌కీ ఆఫ్‌కీ మధ్య కనీసం 3 డిగ్రీల తేడా ఉంచండి.

టూ-స్పీడ్ మోటారుని కొత్త టవర్ కొనేటప్పుడే అడగాలి. ఉన్న టవర్‌కి పెట్టాలంటే కొత్త మోటారు, అదనపు కోర్లతో కొత్త కేబుల్, కొత్త స్టార్టర్ అన్నీ మారతాయి, ఇప్పటి ధరల్లో వీఎఫ్‌డీకీ దానికీ పెద్ద తేడా ఉండదు. దుమ్ము, ఆమ్ల పొగలు ఎక్కువ ఉండి, ఎలక్ట్రానిక్స్ చూసుకునే మనిషి లేని చోట మాత్రం టూ-స్పీడ్ ఇప్పటికీ నమ్మకమైనదే. ఎక్కువ వేగం నుంచి తక్కువకి మార్చేటప్పుడు 20 నుంచి 30 సెకన్ల టైమర్ తప్పనిసరి. ఫ్యాన్ ఇంకా జోరుగా తిరుగుతుండగానే తక్కువ వేగం కాంటాక్టర్ పడితే మోటారు ఒక్కసారిగా బ్రేక్ లాగా పనిచేసి గేర్ పళ్ల మీద దెబ్బ పడుతుంది.

ఇక శాశ్వత అయస్కాంతాల మోటారుని నేరుగా ఫ్యాన్‌కి బిగించే పద్ధతి: గేర్ బాక్స్, షాఫ్ట్, ఆయిల్ సీల్ బాధలు ఉండవు. ధర ఎక్కువ. గేర్ బాక్స్ ఎలాగూ మార్చాల్సిన రోజు వస్తే అప్పుడు కొటేషన్ తీసుకోండి.

వీఎఫ్‌డీయే అనుకున్నాక

డ్రైవ్ పెట్టే ముందు టవర్‌ని బాగుచేయండి. ఫిల్స్ స్కేల్‌తో పూడిపోయి, నాజిల్స్ సగం మూసుకుపోయి ఉంటే నీళ్లు ఎప్పటికీ సెట్ పాయింట్‌కి (మనం పెట్టిన ఉష్ణోగ్రతకి) దిగవు, డ్రైవ్ ఏడాదంతా 50 హెర్ట్జ్, అంటే పూర్తి వేగం దగ్గరే కూర్చుంటుంది. వేగం తగ్గించకుండా కూర్చున్న డ్రైవ్ ఆ 4 శాతం నష్టం మాత్రం తింటూనే ఉంటుంది.

ప్యానెల్‌ని టవర్ పక్కన పెట్టకండి. తడి గాలి, క్లోరిన్, ఫార్మా యూనిట్లలో హైడ్రోక్లోరిక్ ఆవిరి, ఇవన్నీ కార్డుల మీద రాగిని తినేస్తాయి. ఎంసీసీ (మోటార్ల కంట్రోల్ ప్యానెళ్లు ఉండే) గదిలోనే పెట్టండి. 22 కిలోవాట్ల డ్రైవ్ 600 వాట్ల పైన వేడి వదులుతుంది, ప్యానెల్ ఫ్యాన్, ఫిల్టర్ చూసుకోవాలి. అక్కడి నుంచి మోటారుకి కేబుల్ 80, 100 మీటర్లు వస్తుంది. అంత దూరంలో మోటారు టెర్మినల్ దగ్గర వోల్టేజ్ స్పైకులు పెరిగి పాత మోటారు ఇన్సులేషన్ చీలుతుంది. డ్రైవ్ అవుట్‌పుట్‌లో ఆ స్పైకులని తగ్గించే చోక్ గానీ డీవీ-డీటీ ఫిల్టర్ గానీ, షీల్డ్ ఉన్న కేబుల్, వీలైతే డ్రైవ్ మీద నడవడానికే చేసిన ఇన్వర్టర్ డ్యూటీ మోటారు పెట్టండి. బేరింగ్ గుండా కరెంటు పోకుండా ఒక వైపు ఇన్సులేటెడ్ బేరింగ్ లేదా షాఫ్ట్ గ్రౌండింగ్ రింగ్ ఉండాలి. లేకపోతే కొన్ని నెలలకే బేరింగ్ రేసు మీద గీతలు గీతలుగా మచ్చలు పడి శబ్దం మొదలవుతుంది.

పాత స్టార్-డెల్టా స్టార్టర్ ఉంటే మోటారుని టెర్మినల్ బాక్స్‌లోనే డెల్టాలో కలిపి, ఆ కాంటాక్టర్లని డ్రైవ్ దారిలోంచి పూర్తిగా తీసేయండి. మోటారుకి కట్టిన కెపాసిటర్‌ని మర్చిపోకుండా తీయండి. డ్రైవ్ అవుట్‌పుట్‌లో కెపాసిటర్ ఉంటే మొదటి స్టార్ట్‌కే డ్రైవ్ ఓవర్ కరెంట్‌తో ట్రిప్ అవుతుంది, మొండిగా రీసెట్ కొడుతూ పోతే మాడిపోతుంది. ఇన్‌పుట్‌లో 3 నుంచి 5 శాతం లైన్ చోక్ పెడితే హార్మోనిక్స్ (డ్రైవ్ వల్ల కరెంటు అలలో వచ్చే వికారాలు) తగ్గి మెయిన్ కెపాసిటర్ బ్యాంకు బతుకుతుంది.

గేర్ బాక్స్ గురించి వేరుగా అడగాలి. చాలా గేర్ బాక్సుల్లో గేరు పళ్లే ఆయిల్‌ని పైకి చిమ్మి పై బేరింగ్‌ని తడుపుతాయి. మరీ నెమ్మదిగా తిరిగితే ఆయిల్ పైకి చేరదు, పై బేరింగ్ ఎండిపోతుంది. కనీస వేగం ఎంతో గేర్ బాక్స్ తయారీదారు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. అది వచ్చేదాకా 25 హెర్ట్జ్ కిందకి దించకండి. పై హద్దు 50 దగ్గర తాళం వేసేయండి. 55 హెర్ట్జ్ అంటే పవర్ 33 శాతం పెరుగుతుంది, మోటారు ఓవర్‌లోడ్ అవుతుంది.

ర్యాంప్ టైమ్ (వేగం మారడానికి ఇచ్చే సమయం) ఎక్కడానికి 60 సెకన్లు, దిగడానికి 90 నుంచి 120 సెకన్లు పెట్టండి. బరువైన ఫ్యాన్‌ని త్వరగా ఆపబోతే అది జనరేటర్‌లా మారి డ్రైవ్‌ని ఓవర్ వోల్టేజ్‌తో ట్రిప్ చేస్తుంది.

తర్వాత వైబ్రేషన్ చూడాలి. గేర్ బాక్స్ మీద మీటర్ పెట్టి, 25 నుంచి 50 దాకా ఒక్కో హెర్ట్జ్ పెంచుతూ, ప్రతి చోటా రెండు నిమిషాలు ఆగి రీడింగ్ రాసుకోండి. ఎక్కడో ఒకచోట రీడింగ్ ఉన్నట్టుండి రెండు మూడింతలవుతుంది, టవర్ డెక్ మీద నిలబడితే కాళ్లకి తెలుస్తుంది. ఆ చోటుకి అటు రెండు, ఇటు రెండు హెర్ట్జ్ డ్రైవ్‌లో స్కిప్ ఫ్రీక్వెన్సీగా (ఆగకుండా దాటేసే వేగంగా) పెట్టండి. ఈ పని చేయకుండా ఆటోలో వదిలితే డ్రైవ్ సరిగ్గా ఆ చోటే గంటలు నిలబడి షాఫ్ట్ కప్లింగ్‌ని కోసేస్తుంది.

ఆపేసిన ఫ్యాన్ కూడా ఊరికే ఉండదు. పక్క సెల్ లాగే గాలికి అది నెమ్మదిగా వెనక్కి తిరుగుతూ ఉంటుంది. అలా వెనక్కి తిరుగుతున్నదాన్ని డ్రైవ్ ముందుకి తిప్పబోతే ఓవర్ కరెంట్ ట్రిప్. స్టార్ట్‌కి ముందు డీసీ బ్రేకింగ్ (ముందు ఫ్యాన్‌ని ఆపడం) గానీ ఫ్లయింగ్ స్టార్ట్ (తిరుగుతున్న వేగాన్ని పట్టుకుని మొదలుపెట్టడం) గానీ ఆన్ చేయండి. రాత్రి షిఫ్టులో "డ్రైవ్ ఊరికే ట్రిప్ అవుతోంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

సెన్సార్, సెట్ పాయింట్

ఉష్ణోగ్రత సెన్సార్ పీటీ-100 రకం, థర్మోవెల్‌లో (పైపులోకి దింపిన రక్షణ గొట్టంలో), పంపు డిశ్చార్జ్ హెడర్ మీద ఉండాలి. బేసిన్‌లో (టవర్ కింది నీళ్ల తొట్టిలో) పెడితే, అదీ తగ్గిన నీళ్లు నింపే మేకప్ వాటర్ ఫ్లోట్ వాల్వ్ పక్కన పెడితే, ఫ్లోట్ తెరుచుకున్న ప్రతిసారీ బోరు నీళ్లు సెన్సార్‌ని తాకి ఉష్ణోగ్రత నిజంగా మారినట్టు చూపిస్తాయి. ఫ్యాన్ కారణం లేకుండా ఊగిసలాడుతుంది. ట్యూనింగ్ పాడైందనుకుని రోజులు పోగొట్టుకుంటారు.

సెన్సార్ కొలత చూసి వేగం మార్చే పీఐడీ కంట్రోల్‌లో దిశ జాగ్రత్తగా చూడండి. చాలా డ్రైవుల్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చే సెట్టింగ్ పంపుకి తగ్గట్టు ఉంటుంది: కొలత పెరిగితే వేగం తగ్గుతుంది. మనకి తిరగబడాలి, వేడి పెరిగితే వేగం పెరగాలి. సెన్సార్ వైరు తెగి, 4 నుంచి 20 మిల్లీ ఆంప్స్ మధ్య ఉండాల్సిన సిగ్నల్ 4 కిందకి పడితే డ్రైవ్ ఆగిపోకూడదు, పూర్తి వేగానికి వెళ్లేలా పెట్టండి. రియాక్టర్ వేడిమీద ఉన్నప్పుడు ఇది ప్రాణాల విషయం. అదే కారణంగా డ్రైవ్ చెడిపోయినప్పుడు ఫ్యాన్ నేరుగా నడవడానికి సాఫ్ట్ స్టార్టర్‌తో బైపాస్ ఉంచండి.

60 క్యూబిక్ మీటర్ల బేసిన్, గంటకి 300 క్యూబిక్ మీటర్ల సర్క్యులేషన్ అంటే బేసిన్ మొత్తం నీరు మారడానికి 12 నిమిషాలు. పీఐడీ ఇంటిగ్రల్ టైమ్ (తేడాని నెమ్మదిగా సరిదిద్దే సమయం) కూడా ఆ స్థాయిలోనే ఉండాలి, డెరివేటివ్ సున్నా.

సెట్ పాయింట్ ఎంత? పరవాడలో ఆగస్టు మధ్యాహ్నం వెట్ బల్బ్ 29 ఉన్నప్పుడు 28 సెట్ పెట్టి కూర్చుంటే ఆ నీళ్లు ఏ టవరూ ఇవ్వలేదు. ప్రాసెస్ అయితే అది తట్టుకునే గరిష్ఠ ఉష్ణోగ్రత నుంచి ఒక డిగ్రీ తగ్గించి పెట్టండి. చిల్లర్ అయితే వెట్ బల్బ్‌కి నాలుగైదు డిగ్రీలు కలిపి, వెట్ బల్బ్ మారినప్పుడల్లా సెట్ పాయింట్ కూడా మారేలా చేయండి.

ఆదా ఎంత వచ్చిందో చూడటానికి డ్రైవ్ తెర మీద ఆంప్స్ నమ్మకండి. డ్రైవ్ ఇన్‌పుట్ దగ్గర కిలోవాట్-అవర్ మీటర్ పెట్టండి. పాత పద్ధతిలో ఒక వారం, కొత్త పద్ధతిలో ఒక వారం, రెండు వారాల్లోనూ గంట గంటకీ వెట్ బల్బ్, నీళ్ల ఉష్ణోగ్రత, చిల్లర్ ఉంటే దాని కిలోవాట్లు కూడా రాయండి. ఫ్యాన్ నెమ్మదిస్తే నీళ్ల ఖర్చు కూడా తగ్గుతుందని ఎవరైనా రాసిస్తే ఆ అంకె కొట్టేయండి. ఆవిరయ్యే నీరు లోడ్‌ని బట్టి ఉంటుంది, ఫ్యాన్ నెమ్మదిస్తే తగ్గేది తుంపర్లుగా ఎగిరిపోయే కాస్త నీరే.